పడ్డ జింకను పైకి ఎలా తెస్తారు? టెక్సస్ పాన్‌హ్యాండిల్ లోయల్లో మ్యూల్ డీర్ వేటకు ప్రణాళిక

టెక్సస్ రాష్ట్రపు ఉత్తర కొసను పాన్‌హ్యాండిల్ అంటారు. అక్కడి అమరిల్లో నగరం నుంచి దక్షిణంగా వెళ్తుంటే నేల చాప పరిచినట్టు ఉంటుంది. గోధుమ చేలు, పత్తి చేలు, గాలిమరలు, కనుచూపు మేరలో మిట్ట అన్నదే ఉండదు. ఉన్నట్టుండి ఆ నేల తెగిపోతుంది. పాలో డ్యూరో లోయ పొడవు సుమారు 120 మైళ్లు, సగటు వెడల్పు 6 మైళ్లు, లోతు చాలాచోట్ల 800 అడుగులు. రెడ్ రివర్ పాయల్లో ఒకటైన ప్రెయిరీ డాగ్ టౌన్ ఫోర్క్ కోసిన గండి ఇది. పైనున్న మైదానాన్ని లానో ఎస్టకాడో అంటారు, దాని గట్టు అంచును క్యాప్‌రాక్ అంటారు. అంచు దిగితే ఎర్రమట్టి చరియలు, వాటిలో తెల్లని జిప్సం చారలు, జూనిపర్ పొదలు, నాగజెముడు, మెస్కీట్ చెట్లు. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే, ముళ్లు కూడా ఆ తరహావే.

మ్యూల్ డీర్ అనే జింక ఈ రెండు లోకాల్లోనూ బతుకుతుంది. కంచర గాడిద చెవుల్లాంటి పెద్ద చెవులు ఉండటంతో ఆ పేరు వచ్చింది. రాత్రి మైదానం మీది గోధుమ చేలో మేస్తుంది, తెల్లవారగానే గట్టు దిగి చరియల్లో పడుకుంటుంది. కొత్తగా వేటకు వచ్చేవాళ్లు జింక ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నతో ప్రణాళిక మొదలుపెడతారు. ఈ నేలలో జింకను కనిపెట్టడం అంత కష్టం కాదు, మంచి బైనాక్యులర్ ఉంటే మైలు దూరం నుంచే కనిపిస్తుంది. కష్టమంతా అది పడ్డ తర్వాత మొదలవుతుంది. అందుకే ఇక్కడ లెక్కను చివరి నుంచి వెనక్కి వేసుకోవాలి. మాంసం చెడకుండా ఎంతసేపట్లో చల్లబడాలి, దాన్ని ఏ దారిన మోయాలి, ఆ దారి ఎంతసేపు పడుతుంది అన్నవి తేలాకే ఎక్కడ కాల్చవచ్చు, ఏ పొద్దున కాల్చవచ్చు అన్నవి తేలతాయి.

బరువు, దూరం, వేడి

పాన్‌హ్యాండిల్‌లో ఎదిగిన పోతు (మగ జింక) 75 నుంచి 90 కిలోలు తూగుతుంది. ఎముక తీసేస్తే దక్కే మాంసం 27 నుంచి 32 కిలోలు. ఎముకలతో సహా తొడలు, జబ్బలు, వీపు కండలు, మెడ కలిపితే 40 కిలోలకు దగ్గరవుతుంది. తల, కొమ్ములు కలిపి మరో 8 నుంచి 10 కిలోలు. అంటే ఇద్దరుంటే ఒక విడత, ఒంటరిగా ఉంటే రెండు విడతలు.

మ్యాప్ మీద తిన్నగా ఒక మైలు కనిపిస్తే లోయలో అది మైలున్నర నడక. పాతిక కిలోల మూటతో 600 అడుగులు ఎక్కడానికి రెండు గంటలు వేసుకోవాలి. ఒంటరి మనిషికి కోతకు గంటన్నర, మొదటి మూటతో ఎక్కడానికి రెండు గంటలు, ఖాళీగా దిగడానికి ఒక గంట, మళ్లీ ఎక్కడానికి రెండు గంటలు. మొత్తం ఆరున్నర గంటలు. ఉదయం 9కి జింక పడితే మధ్యాహ్నం మూడున్నరకు పని అయిపోతుంది. సాయంత్రం 5కి పడితే రాత్రి పదకొండున్నర దాకా, చీకట్లో, జారే మట్టి మీద, నాగజెముడు పొదల మధ్య నడవాలి. నవంబరు చివర్లో ఇక్కడ సూర్యోదయం సుమారు 7:25కి, అస్తమయం 5:35 ప్రాంతంలో. టెక్సస్ చట్టం ప్రకారం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చవచ్చు. చట్టం ఒప్పుకున్న ఆ చివరి అరగంటలో లోయ అడుగున కాల్చడం ఒంటరి వేటగాడు చేయకూడని పని.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. నవంబరులో అమరిల్లోలో పగటి సగటు 15 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, రాత్రి సున్నా దరిదాపుల్లో ఉంటుంది. సగటును నమ్ముకుంటే మోసపోతాం. అదే వారంలో ఒక రోజు 25 డిగ్రీలు, మర్నాడు ఉత్తరపు గాలి వచ్చి గడ్డకట్టే చలి రావచ్చు. మాంసాన్ని వీలైనంత త్వరగా 4 డిగ్రీల కిందికి తేవాలి. చర్మం దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. ముందుగా చెడేది వెనక తొడలో, తుంటి ఎముక కీలు చుట్టూ ఉన్న మాంసం, ఎందుకంటే అక్కడ కండ మందం ఎక్కువ, లోపలి వేడికి బయటికి దారి ఉండదు. పైకి నిగనిగలాడుతూ ఉన్న తొడను ఇంట్లో కోస్తే ఎముక దగ్గర పుల్లటి వాసన వచ్చిందంటే కారణం ఇదే.

ఈ మూడూ తెలిశాక మ్యాప్ మీద రెండు గీతలు గీయాలి. బండి ఆగే చోటు నుంచి అర మైలు లోపల, ఎక్కుడు 200 అడుగులు మించని ప్రదేశం సాయంత్రానికి. మైలున్నర దాకా ఉన్న ప్రదేశం ఉదయానికి. దానికి అవతల ఎంత మంచి పోతు కనిపించినా, ఒంటరిగా ఉంటే, ఎండ కాస్తుంటే, వదిలేయాలి. ఈ గీతలు ఇంట్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడే గీసుకోవాలి. కొమ్ములు కళ్ల ముందు కదులుతున్నప్పుడు లెక్కలు నిలవవు.

మ్యాప్ అంటే ఫోన్లో ఉన్నదే కాదు. లోయ అడుగున సిగ్నల్ ఉండదు, కాబట్టి యాప్‌లో ఆ ప్రాంతాన్ని ముందే డౌన్‌లోడ్ చేసి, 1:24,000 కొలతలో అచ్చయిన ప్రభుత్వ కాంటూర్ మ్యాప్ (ఎత్తుపల్లాలను గీతలతో చూపేది) ఒకటి సంచిలో పెట్టుకోవాలి. కాంటూర్ గీతలు ఒకదానిమీద ఒకటి పడ్డట్టు దగ్గరగా ఉంటే అది దిగలేని గట్టు. గీతలు ఎడం అయ్యే చోట పశువులో జింకలో చేసిన దారి తప్పక ఉంటుంది. మూటతో ఎక్కే దారి అదే. వేట మొదలవడానికి ముందు రోజు ఆ దారిన ఒకసారి ఖాళీ చేతులతో ఎక్కి దిగాలి.

నేల ఎవరిది?

టెక్సస్‌లో 95 శాతం దాకా భూమి ప్రైవేటు వ్యక్తులదే. కొలరాడో, మోంటానాల్లోలా విశాలమైన ప్రభుత్వ భూమిలో నడుచుకుంటూ పోయే వీలు ఇక్కడ లేదు. ప్రధానంగా ఉన్న దారులు రెండు. ఒకటి, ర్యాంచ్ (పశువులు మేపే పెద్ద భూమి) యజమానితో ఒప్పందం. రెండు, టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ లాటరీ ద్వారా ఇచ్చే వేటలు. కాటిల్ కౌంటీలో పడూకా పక్కనున్న మాటడోర్ వన్యప్రాణి నిర్వహణ ప్రాంతం సుమారు 28,000 ఎకరాలు, ఈ తరహా వేటకు పేరున్న చోటు. లాటరీ దరఖాస్తులు జులైలో తెరుచుకుంటాయి, కొన్ని గడువులు ఆగస్టులోనే ముగుస్తాయి. దసరా వచ్చాక ఆలోచిద్దాం అనుకుంటే ఆ ఏడాది చేజారినట్టే. ఒకసారి రాకపోయినా పాయింట్లు కూడి మరుసటిసారి అవకాశం పెరుగుతుంది కాబట్టి ఏటా వేస్తూ ఉండటం మంచిది.

ప్రభుత్వ వేట భూముల్లో పగలు ఒంటి మీద నారింజ రంగు బట్ట తప్పనిసరి, మిగతా వేటగాళ్లకు మనిషని తెలియడానికి. మొత్తం 400 చదరపు అంగుళాలు, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144 కనిపించాలి, తలమీద కూడా నారింజ ఉండాలి. వీపుకు మూట తగిలించుకోగానే వెనకవైపు రంగు కనబడకుండా పోతుంది. మూట మీద మరో నారింజ గుడ్డ కట్టుకోవాలన్నది చాలామందికి తట్టదు. జింకకు ఈ రంగు మనకు కనిపించినంత గాఢంగా కనిపించదు, కాబట్టి దాన్ని వేసుకున్నందుకు పోయేదేమీ లేదు.

ర్యాంచ్ యజమానితో మాట్లాడేటప్పుడు డబ్బు గురించి మాత్రమే మాట్లాడి వచ్చేస్తే తర్వాత చిక్కులు వస్తాయి. సరిహద్దు ఎక్కడ, ఏ గడ్డి బీడులో పశువులున్నాయి, బండి ఎక్కడిదాకా రావచ్చు, అదే వారం ఇంకెవరు వేటాడుతున్నారు, ఏ రకం జింకను కాల్చడానికి అనుమతి, గాయపడ్డ జింక కంచె దాటితే పక్క భూమి యజమానికి ఎవరు ఫోన్ చేయాలి అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలాలి. వాన పడితే ఆ ఎర్రమట్టి దారులు ఏమవుతాయో తప్పక అడగాలి. తడిసిన ఆ మట్టి టైరుకు పొరలు పొరలుగా అంటుకుని చక్రం తిరగకుండా చేస్తుంది, నాలుగు చక్రాల బండి కూడా పక్కకు జారి కాలువలో దిగుతుంది. రెండు పగళ్లు ఎండ కాస్తే గానీ దారి గట్టిపడదు.

కంచె స్తంభానికో చెట్టుకో ఊదారంగు నిలువు గీత కనిపిస్తే అది టెక్సస్ చట్టం ప్రకారం ప్రవేశం నిషేధం అన్న బోర్డుతో సమానం. గాయపడ్డ జింక వెనకాల వెళ్తున్నా సరే, పక్కవాళ్ల అనుమతి లేకుండా కంచె దాటకూడదు. ఊపిరితిత్తుల్లో తూటా తగిలిన జింక కూడా పడేలోపు 50 నుంచి 150 గజాలు పరుగెడుతుంది. అందుకే సరిహద్దుకు 300 గజాల లోపల కాల్చకపోవడం మేలు.

కాగితాలు

లైసెన్సు సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా చెల్లుతుంది. ఆరు నెలలకు పైగా టెక్సస్‌లో వరసగా నివసిస్తున్నవాళ్లకు సాధారణ వేట లైసెన్సు 25 డాలర్లు, బయటి రాష్ట్రాలవాళ్లకు 315. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. 17 ఏళ్లు దాటినవాళ్లు దాన్ని ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు.

డాలస్, ఆస్టిన్ చుట్టూ ఉన్న మన తెలుగువాళ్లలో చాలామంది హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద ఉంటారు. వాళ్లు ఈ సంగతి శ్రద్ధగా చదవాలి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం. మిత్రుడి తుపాకీని కాసేపు చేతిలోకి తీసుకున్నా ఇది వర్తిస్తుంది. ఆ చట్టంలోనే ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదైనా రాష్ట్రం జారీ చేసిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం. కాబట్టి ఇలాంటి వీసా ఉన్నవాళ్లు తుపాకీ కొనడానికే కాదు, గురి సరిచూసుకోవడానికి షూటింగ్ రేంజికి వెళ్లడానికి ముందు కూడా లైసెన్సు తీసుకోవాలి. ఆగస్టు 31న గడువు తీరితే, ఇంట్లో బీరువాలో ఉన్న తుపాకీకి మర్నాటి నుంచి ఆ రక్షణ ఉండదు. వేట సీజన్ నవంబరులో కదా అని రెన్యువల్ ఆలస్యం చేయకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. మీ వీసా పరిస్థితి మామూలుగా లేకపోతే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే ముందుకు వెళ్లాలి, ఇది తప్పు జరిగితే సరిదిద్దుకోగల విషయం కాదు.

ఇక సీజన్. పాన్‌హ్యాండిల్ కౌంటీల్లో రైఫిల్‌తో మ్యూల్ డీర్ వేట థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం మొదలై రెండు వారాల చిల్లర సాగుతుంది, నైరుతి వైపు కొన్ని కౌంటీల్లో ఇంకా తక్కువ. కొన్ని కౌంటీల్లో అసలు సీజనే లేదు. ప్రత్యేక పర్మిట్ లేకుండా కొమ్ములు లేని మ్యూల్ డీర్‌ను కాల్చకూడదు. ఆగ్నేయ పాన్‌హ్యాండిల్‌లో కొన్ని కౌంటీల్లో మరో నిబంధన ఉంది: కొమ్ముల బయటి వెడల్పు కనీసం 20 అంగుళాలుండాలి. దూరం నుంచి దీన్ని అంచనా వేయడానికి జింక చెవులే కొలబద్ద. అది అప్రమత్తమై చెవులు రెండు పక్కలా చాచినప్పుడు ఒక చెవి కొస నుంచి ఇంకో చెవి కొసకు సుమారు 21 అంగుళాలు. కొమ్ములు చెవుల కొసలదాకా వచ్చినట్టు ఎదురుగా చూసినప్పుడు స్పష్టంగా తెలిస్తేనే కాల్చాలి. పక్క నుంచి చూసి వెడల్పు ఊహించడం వల్లే ఎక్కువమంది జరిమానా కడతారు.

నదీ తీరాల్లో వైట్‌టెయిల్ జింక కూడా ఉంటుంది, దాని ట్యాగ్ (లైసెన్సుతో వచ్చే, చంపిన జింకకు కట్టాల్సిన చీటీ) వేరు. మ్యూల్ డీర్ తోక సన్నగా తెల్లగా ఉండి కొస నల్లగా ఉంటుంది, కొమ్ము రెండుగా చీలి మళ్లీ ఒక్కో కొమ్మా రెండుగా చీలుతుంది. వైట్‌టెయిల్‌కు ఒకే ప్రధాన కొమ్ము ముందుకు వంగి, దాని మీద నిలువుగా మొనలు లేస్తాయి. బెదిరితే వైట్‌టెయిల్ తోకను తెల్లజెండాలా ఎత్తి పరుగెడుతుంది. మ్యూల్ డీర్ నాలుగు కాళ్లూ ఒక్కసారి నేలకు ఆనించి స్ప్రింగులా ఎగురుతూ పోతుంది.

గాలి

నవంబరు చివర, డిసెంబరు మొదట్లో ఇక్కడ జింకల జతకట్టే కాలం. పోతులు పెంటి జింకల మందల వెనక పగలు కూడా తిరుగుతాయి. పెంటి మందను కనిపెట్టి ఓపికగా చూస్తే పోతు తనే వస్తుంది. ఆ మంద తెల్లవారుజామున గోధుమ చేను వదిలి ఏ గండి దారిన దిగుతుంది, ఏ చరియ మీద పడుకుంటుంది అన్నది గాలిని బట్టి ఉంటుంది, మనం చేరే దారి కూడా గాలినే బట్టి ఉండాలి. నేర్చుకోవలసింది ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

ఈ ప్రాంతంలో మామూలు గాలి నైరుతి నుంచి వీస్తుంది. చలిగాలుల తెర (కోల్డ్ ఫ్రంట్) దిగినప్పుడు గంటల్లోనే ఉత్తరానికి తిరుగుతుంది. మైదానం మీద లెక్క ఇంతే. లోయలో రెండో గాలి ఒకటి ఉంటుంది. చల్లని గాలి బరువుగా ఉండి నీళ్లలా పల్లానికి పారుతుంది. కాబట్టి రాత్రంతా, పొద్దు పొడిచాక కూడా కాసేపు, గండ్లలో గాలి పైనుంచి కిందికి దిగుతూ ఉంటుంది. ఎండ తగిలిన చరియ వేడెక్కగానే గాలి ఎదురు తిరిగి పైకి ఎక్కుతుంది. తూర్పు ముఖంగా ఉన్న చరియ మీద ఇది పొద్దున తొమ్మిది లోపే జరుగుతుంది, పడమర ముఖంగా ఉన్నదాని మీద మధ్యాహ్నానికి. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి దిగడం మొదలవుతుంది. మారే ఆ అరగంటలో గాలి ఏ దిక్కుకూ నిలకడగా ఉండదు, మన వాసనను నాలుగు వైపులా తిప్పుతుంది. ఆ అరగంట కదలకుండా కూర్చోవడం ఉత్తమం.

మూడోది గట్టు అంచు చేసే సుడి. మైదానం మీదుగా వచ్చిన గాలి అంచు దాటగానే కింద ఖాళీలోకి చుట్టుకుని వెనక్కి తిరుగుతుంది. అంచు మీద నిలబడ్డవాడికి గాలి వీపున తగులుతుంటుంది, పది గజాలు కింద అదే గాలి పైకి ఎక్కుతూ మొహాన కొడుతుంది. పెద్ద పోతులు పడుకోవడానికి ఎంచుకునేది ఈ చోటునే: అంచుకు కొంచెం కింద, గండి మొదట్లో, జూనిపర్ నీడలో, వీపు రాతికి ఆనించి. పైనుంచి వచ్చేవాడి వాసన గాలి తెస్తుంది, కింది నుంచి వచ్చేవాణ్ని కళ్లు పడతాయి. రెండూ అందని దారి పక్కవాటు దారి. చరియ వెంబడి, జింక ఉన్న ఎత్తులోనో కొంచెం పైనో, గాలి అడ్డంగా వీచేలా చూసుకుని చేరాలి.

చిన్న ప్లాస్టిక్ సీసాలో టాల్కం పౌడర్ వేసుకుని ప్రతి మలుపు దగ్గరా ఒకసారి నొక్కి చూడాలి. ఇరవై గజాల అవతల గాలి ఏం చేస్తోందో చూడటానికి మిల్క్‌వీడ్ కాయలోని దూది ఇంకా మంచిది, మన జిల్లేడు దూదిలాంటిదే, కళ్లకు కనబడుతూ చాలా దూరం తేలిపోతుంది.

ఇంత చెప్పాక ఒక రోజు పథకం ఎలా ఉంటుందో ఊహించడం తేలిక. వెలుతురు రావడానికి ముప్పావు గంట ముందే అంచు మీద, గోధుమ చేనుకూ గండికీ మధ్య దారి కనిపించే చోట కూర్చోవాలి. ఆకాశం నేపథ్యంలో మనిషి ఆకారం కనిపించకుండా ఒక పొద వెనక నుంచి చూడాలి. 10 రెట్ల బైనాక్యులర్‌ను చేతిలో కాకుండా ట్రైపాడ్ మీద పెడితే కనిపించేవి రెట్టింపవుతాయి, చెయ్యి వణుకు ఆగడమే కారణం. మొత్తం జింకను వెతకకూడదు. నిలువు గీతల మధ్య ఒక అడ్డగీత, ఒక చెవి కదలిక, పొద కింద బూడిదరంగు మచ్చ, ఇవే వెతకాలి. జింకలు పడుకున్నాక తొందర లేదు. పదిన్నరకూ పన్నెండుకూ మధ్య నీడ జరిగినప్పుడు అవి లేచి, ఒళ్లు విరుచుకుని, నాలుగడుగులు వేసి మళ్లీ పడుకుంటాయి. ఉదయం కనబడని పోతు ఆ ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

బయలుదేరే ముందు జింక ఉన్న చోటుకు గుర్తుగా మూడు వస్తువులు ఎంచుకుని ఫోటో తీసుకోవాలి. గండి దాటి అవతలి గట్టెక్కేసరికి ఆ నేల పూర్తిగా వేరేలా కనిపిస్తుంది, ఇవతల నుంచి ఒంటరిగా కనిపించిన జూనిపర్ అక్కడికి వెళ్లేసరికి ఇరవై జూనిపర్లలో ఒకటవుతుంది.

కాల్చడం

.270, 6.5 క్రీడ్‌మూర్, .308 తూటాల్లో ఏది వాడే రైఫిల్ అయినా సరిపోతుంది. తుపాకీ రకం కంటే దాని మీద పెట్టిన అభ్యాసం ముఖ్యం. 6.5 క్రీడ్‌మూర్‌లో 140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) తూటాను 200 గజాలకు గురి కుదిర్చితే 300 గజాల దగ్గర సుమారు 7 నుంచి 8 అంగుళాలు, 400 దగ్గర 22 అంగుళాల దాకా కిందికి పడుతుంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉంటే ఈ పతనాన్ని సరిచేసుకోవచ్చు. గాలిని సరిచేసుకోవడం అంత సులువు కాదు. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 300 గజాల దగ్గర తూటాను 6 అంగుళాల దాకా పక్కకు నెడుతుంది. పాన్‌హ్యాండిల్‌లో 20 మైళ్ల గాలి మామూలు. అప్పుడు అది అడుగు. జింక ప్రాణస్థానం 8 అంగుళాల పళ్లెమంత అనుకుంటే, అడుగు పక్కకు పోవడమంటే పొట్టలో తగలడమే. అందుచేత గాలి 15 మైళ్లు దాటిన రోజు 200 గజాలకు మించి కాల్చకపోవడం మంచిది.

గట్టు మీద నుంచి కిందికి కాల్చేటప్పుడు మరో సవరణ ఉంటుంది. తూటా పతనం అడ్డంగా ఉన్న దూరాన్ని బట్టే ఉంటుంది. 30 డిగ్రీల వాలులో 300 గజాలు చూపిస్తే, 260 గజాలకే గురి లెక్కించాలి. లేకపోతే తూటా వీపు మీదుగా పోతుంది. ఇప్పటి రేంజ్‌ఫైండర్లు చాలావరకు ఈ లెక్క తామే వేస్తాయి, ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి.

అభ్యాసం బల్ల మీద కాదు. మూట మీద ఆనించి పడుకుని, మోకాళ్ల మీద కర్రలు ఆనించి కూర్చుని కాల్చాలి. ఇక్కడి గడ్డి, సేజ్ పొదలు పడుకున్నవాడి కంటికి అడ్డం వస్తాయి, కాబట్టి కూర్చుని కాల్చే అవసరమే ఎక్కువ. 8 అంగుళాల కాగితపు పళ్లెంలో పదికి పది పడే దూరమే ఆ భంగిమలో మీ హద్దు. పళ్లెం దాటి ఒకటి పోయినా హద్దు దగ్గరికి జరుగుతుంది.

కాల్చాక వెంటనే పరుగెత్తకూడదు. మీరు కాల్చిన చోట నారింజ రిబ్బను కట్టి, జింక చివరిసారి కనిపించిన దిక్కును కంపాస్‌తో చూసి రాసుకోవాలి. ఎర్రని నురగ రక్తమైతే ఊపిరితిత్తులు, అరగంట ఆగితే చాలు. ముదురు ఎరుపైతే కాలేయం, మూడు నాలుగు గంటలు. పచ్చటి ముద్ద, పేడవాసన ఉంటే పొట్ట, ఆరు నుంచి ఎనిమిది గంటలు. ముందే కదిలిస్తే అది లేచి మైళ్లు పోతుంది, ఎదురుచూస్తే ఎండకు మాంసం చెడుతుంది. పొట్టలో తగిలిన జింక విషయంలో రెండు దారులూ చెడ్డవే. గాలి ఎక్కువున్న రోజు దూరం తగ్గించుకోమనేది ఇందుకే. తినదగిన మాంసాన్ని వదిలేసి రావడం టెక్సస్‌లో నేరం కూడా.

కోత, మోత, చల్లబరచడం

జింక దగ్గరికి వెళ్లగానే ముందు ట్యాగ్. నెల, తేదీ కత్తిరించి, ర్యాంచ్ పేరు, కౌంటీ రాసి, జింకకు కట్టాకే దాన్ని కదపాలి. చెమట పట్టిన చేతుల్లో ఇంకు పోతుంది కాబట్టి బాల్‌పాయింట్ పెన్ను, ట్యాగును పెట్టడానికి జిప్ సంచి, దారం ఒకే జేబులో ఉంచుకోవాలి.

లోయలో పొట్ట చీల్చకుండా కోసే పద్ధతే మంచిది. జింకను ఒక పక్కకు పడుకోబెట్టి, వీపు వెంబడి మెడ నుంచి తోక దాకా చర్మం కోసి, పొట్ట వైపుకు ఒలుచుకుంటూ రావాలి. ఒలిచిన చర్మమే శుభ్రమైన పరుపు అవుతుంది. ముందు జబ్బ తీయాలి, దానికి కీలు లేదు, కండల మధ్య కత్తి జారిస్తే ఊడి వస్తుంది. తర్వాత వీపు కండ, మెడ కండ. ఆపైన తుంటి కీలు దగ్గర తొడ. చివరన ఆఖరి పక్కటెముక వెనక చిన్న గాటు పెట్టి, పేగులను చేత్తో కిందికి నొక్కి, లోపలున్న మెత్తని కండ లాగాలి. ఇంకో పక్కకు తిప్పి మళ్లీ ఇదే. మార్చే బ్లేడ్ల కత్తి అయితే మూడు నాలుగు బ్లేడ్లు పడతాయి. వెంట్రుకలను బయటి నుంచి కోస్తే బ్లేడు మొద్దుబారుతుంది, చర్మం లోపలి వైపు నుంచి కోయాలి. వెనక కాళ్ల కీళ్ల దగ్గర గ్రంథుల మీద చెయ్యి పడితే, ఆ చేత్తోనే మాంసం ముట్టకూడదు.

ప్రతి ముక్కనూ వెంటనే గాలి ఆడే గుడ్డ సంచిలో వేసి, జూనిపర్ కొమ్మకు నీడలో వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే వేడి, చెమ్మ లోపలే ఉండిపోతాయి, మాంసం జిగటగా మారుతుంది. ఎండ ఎక్కువగా ఉన్నరోజు తొడ ఎముకను అక్కడే తీసేస్తే మాంసం త్వరగా చల్లబడుతుంది, మోత కూడా తగ్గుతుంది. తల మాత్రం వదలకూడదు. ఆడదో మగదో చూపే రుజువుగా అది చివరి గమ్యం దాకా మాంసంతో ఉండాలి.

మొదటి మూటలో మాంసం, రెండో మూటలో తల. చాలామంది మొదట కొమ్ములు మోసుకుపోతారు, రెండో విడతకు చీకటి పడితే లోయలో మిగిలేది మాంసం. ఒంటరిగా ఉన్నవాళ్లు వాకింగ్ పోల్స్ రెండు వాడితే దిగుడులో మోకాళ్లు నిలుస్తాయి. మనిషికి 4 లీటర్ల నీళ్లు. వాగు నీళ్ల మీద ఆశ పెట్టుకోకూడదు, ఇక్కడి నీళ్లలో జిప్సం, ఉప్పు కరిగి ఉంటాయి, వడపోత గొట్టాలు సూక్ష్మజీవులను ఆపగలవు గానీ వాటిని ఆపలేవు, తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. ఎండ కాచే మధ్యాహ్నం రాళ్ల మీదికి ర్యాటిల్ పాములు నవంబరులోనూ వస్తాయి, గట్టు ఎక్కుతూ కనపడని చోట చెయ్యి పెట్టకూడదు.

బండిలో 100 క్వార్టుల (సుమారు 95 లీటర్ల) పైబడిన ఐస్ పెట్టె ఒకటి, అందులో కనీసం 20 కిలోల ఐస్. రెండు లీటర్ల సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి తెచ్చుకుంటే కరిగిన నీళ్లలో మాంసం నానదు. విడి ఐసు అయితే అడుగు కుళాయి తెరిచి, బండిని కొంచెం వాలుగా ఆపాలి. అమరిల్లో నుంచి డాలస్‌కు సుమారు 360 మైళ్లు, ఆరు గంటల దారి, మధ్యలో ఒకసారి ఆగి ఐస్ చూసుకోవాలి.

జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఉంది. ప్రయాన్ అనే వంకర తిరిగిన ప్రోటీన్ వల్ల వస్తుంది, ఉడికించినా పోదు. టెక్సస్‌లో మొదట 2012లో పశ్చిమాన హ్యూకో కొండల మ్యూల్ డీర్‌లో బయటపడింది, తర్వాత పాన్‌హ్యాండిల్‌లోనూ కనిపించింది. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా నిర్ధారణ కాలేదు, అయినా సోకిన జింకను తినవద్దని అమెరికా ఆరోగ్య శాఖ చెబుతోంది. మెదడు, వెన్నుపాము, కళ్లు, ప్లీహం, గొంతు గ్రంథులు కోయకుండా, తినకుండా ఉండాలి. మీరు వేటాడే కౌంటీకి ఆ ఏడాది పరీక్ష, కళేబరం తరలింపు నిబంధనలు ఏమున్నాయో బయలుదేరే వారం ముందు వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి, అవి ఏటా మారుతున్నాయి. పరీక్ష తప్పనిసరి కాకపోయినా గొంతు గ్రంథుల నమూనా ఇవ్వడం మేలు. ఆ ఫలితం వచ్చేదాకా ఆ జింక మాంసాన్ని కైమాలో వేరేదానితో కలపకుండా, ప్రతి పొట్లం మీద తేదీ, కౌంటీ, నమూనా నంబరు రాసి ఫ్రీజర్‌లో విడి అరలో పెట్టుకోవాలి.